వంటావార్పులో పస్తు

బగారన్నం గుండిగ మూత తీయగానే రమాకాంత్ గొంతు చించుకున్నాడు.

"జై తెలంగాణ!"

జనగామలో హైదరాబాద్ రోడ్డు మీద ఆ రోజు వంటావార్పు. బండ్లు ఆపి, నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండుకుని అక్కడే తినడం. అదీ ఉద్యమమే. బియ్యం రమాకాంత్ దుకాణానివే. విస్తరి పట్టుకుని అందరికంటే ముందు నిలబడ్డాడు.

వేడన్నం విస్తట్లో పడిందో లేదో, వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి దాన్ని లాగేసింది. భార్య మాధవీలత!

"షుగర్ పెట్టుకొని గిదేంది? తెలంగాణ వచ్చినంక తిందురుగాని!"

జనం గొల్లున నవ్వారు.

"సేటూ, మాకు అడ్డం ఢిల్లీ ఒక్కటే. నీకు ఇల్లు గుడ!" అన్నాడు పక్క దుకాణం జగపతి.

రమాకాంత్ ఏడవలేక నవ్వాడు. "నువ్వన్న తినరాదూ" అన్నాడు భార్యతో.

"మీ ముంగట నాకు ముద్ద దిగుతదా?" అంటూ ఆమె డబ్బా విప్పింది. రెండు జొన్నరొట్టెలు, సొరకాయ కూర. ఆయనకొకటి, తనకొకటి.

ఇదంతా ఒక మాత్ర మహిమ. ఎవరూ లేకున్నా చెవిలో గొంతులు వినపడే జబ్బుకు అది మంచి మందేనట. కానీ ఆకలిని తట్టి లేపుతుంది. ఒళ్ళు పెరుగుతుంది, షుగర్ ఎక్కుతుంది. షుగర్ అదుపులోకి రాకపోతే మాత్ర మార్చాల్సిందే అన్నాడు వరంగల్ డాక్టర్. మారిస్తే, ఏళ్ళ తరబడి నోరు మూసుకున్న ఆ గొంతులు మళ్ళీ లేస్తే? తలుచుకుంటేనే రమాకాంత్ ప్రాణం గిలగిల్లాడేది. అలాగని 'తక్కువ తిను' అంటే వినేది కాదు ఆ పాడు ఆకలి. ఆ మాటకే ఇంట్లో ఒకసారి గిన్నెలు ఎగిరాయి.

అందుకే ఈ తిప్పలు. ఏ ర్యాలీ బయల్దేరినా మొగుడూ పెళ్ళాం జెండాలు పట్టుకుని తయారు.

"జర బిరబిర నడువుండ్రి, షుగర్ దిగాలె!" అని ఆమె తోలేది. నినాదాలివ్వడానికి ఈయనకు ఊపిరి చాలేది కాదు.

"పాపం, సేటు తెలంగాణ కోసం చిక్కిపోతున్నడు" అని బజారంతా మెచ్చుకుంది.

డాక్టర్ రమ్మన్న రోజు వచ్చింది. సమ్మెలో బస్సుల్లేవు. ఆటోలు మారి మారి వరంగల్ చేరారు. డాక్టర్ రక్తపరీక్ష కాగితం చూసి బల్ల చరిచాడు.

"శభాష్! షుగర్ దిగింది, బరువూ తగ్గింది. మాత్ర మార్చే పనే లేదు."

రమాకాంత్‌కు కళ్ళనీళ్ళు ఆగలేదు. బయటికి పోగానే మిర్చిబజ్జీలు తినాలని అప్పుడే నిశ్చయించుకున్నాడు.

మాధవీలత మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"నా మాత్ర సంగతి సరే సార్, తనకు షుగరొచ్చిందని ఈయన చెప్తె ఇన్ని నెలల సంది ఈయనతోని నేను గుడ నోరు కట్టుకున్న, మరి ఇప్పటిదాంక ఒక్కపారి గుడ చూడని ఈయన రక్తం ఎప్పుడు పరీక్ష చేస్తరు?"