సైడ్‌టోన్

"ఆ గరగర భరించలేకపోతున్నానండీ. పైన వంటింట్లోకి కూడా వినిపిస్తోంది," అంది శాంతి బేస్‌మెంట్ మెట్లు దిగుతూ.

జగదీష్ మోర్స్ కీ మీంచి చెయ్యి తీసేశాడు.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఈ ఇల్లు కొన్న ఏడాదే దూరాన ఉన్నవాళ్లతో సరదాగా మాట్లాడుకునే ఆ పాత హామ్ రేడియో సెట్టూ కొన్నాడు. అక్షరాల్ని చుక్కలూ గీతలుగా మార్చి కీ కొడుతుంటే, తను పంపేది తనకి వినిపించడానికి సెట్టు ఒక శబ్దం చేస్తుంది. సైడ్‌టోన్ అంటారు. ఈ సెట్టులో అది డబ్బాలో పడ్డ కందిరీగలా ఉంటుంది; చుక్కేదో గీతేదో పోల్చుకోవడం అతనికే కష్టం.

"హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాలే."

"చెవులు పాడవుతాయి. శుభ్రంగా రిపేర్ చేసుకోవచ్చుగా?"

అతనికి ఆశ్చర్యమేసింది. ఆ సెట్టు గురించి ఆమె ఒక మంచిమాట అని ఎన్నేళ్లయిందో. అసలు ఇద్దరి మధ్యా మాటలే కూరలూ, కరెంటు బిల్లూ, కూతురు ఇషా కాలేజీ అడ్మిషన్ దగ్గర ఆగిపోయాయి.

శనివారం సెట్టు విప్పాడు. పాడైన కెపాసిటర్లు మార్చాడు. టోన్ వచ్చే దారిలో చిన్న ఫిల్టర్ సోల్డర్ చేశాడు. శాంతి టార్చి పట్టుకుంది. ఒకసారి ఇద్దరి తలలూ ఢీకొన్నాయి. ఎవరికీ నవ్వు రాలేదు.

సాయంత్రానికి గరగర పోయింది. కీ నొక్కితే పిల్లనగ్రోవి ఊదినట్టుంది.

"ఇప్పుడెలా ఉంది?"

"హాయిగా ఉంది. మీరు మాట్లాడుకోండి. నేను బట్టలు మడతపెట్టుకుంటా," అంటూ డ్రైయర్ దగ్గర కూర్చుంది.

షామ్‌బర్గ్‌లో ఉండే స్నేహితుడు రాఘవులు లైన్లోకి వచ్చాడు. ఇద్దరూ తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకుంటారు. వెనకాల శాంతి ఉంది. ఉంటే ఏం? ఆమెకి ఈ చుక్కలూ గీతలూ డ్రైయర్ చప్పుడుతో సమానం.

'ఇర్వింగ్‌లో జాబ్ ఖాయమైంది,' కొట్టాడు జగదీష్. 'ఇషా కాలేజీలో చేరగానే ఒక్కణ్ణే వెళ్లిపోతున్నా. శాంతికి చెప్పలేదు. విడాకుల సంగతి అక్కణ్ణుంచి లాయర్‌తో చెప్పిస్తా. ఇక ఆమెతో నావల్ల కాదు.'

ఒక్కో అక్షరం విడివిడిగా, నిండుగా గదంతా పలికింది. తన పనితనానికి తనే మురిసిపోయాడు.

రాఘవులు జవాబు మొదలుపెట్టేలోగా శాంతి ఒళ్లోని చొక్కా పక్కన పెట్టి లేచింది. అతని భుజం మీదుగా చెయ్యి చాచి, ఎక్కడా తడబడకుండా కీ కొట్టింది: 'అన్నయ్యగారూ, ఆయన్ని ఇవాళే వెళ్లమనండి.'