రెక్కల గౌను

"ఒక్కసారి వేసుకుని చూస్తానమ్మా!" పెళ్లి గౌను లాక్కోబోయింది ఎల్విరా.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా! ముందే వేసుకుంటే పెళ్లి ఆగిపోతుందే, పిచ్చిదానా."

"సరిపోకపోతేనో?"

"నిన్ను కన్నదాన్ని. నా కొలత తప్పుతుందా?" అంది సలుద్.

భుజాల మీద సీతాకోకచిలుక రెక్కల్లా గౌను చేతులను నిటారుగా నిలబెట్టడం మనీలా దర్జీలంతా సలుద్ దగ్గరే నేర్చుకున్నారు. "రెక్క వంగిన గౌను నా గుమ్మం దాటకూడదు" అని కుట్టేవాళ్లను గదమాయించేది.

పెళ్లి అనుకున్న రోజున కూతురికి తానే గౌను తొడిగింది. వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది.

వడ్రంగి తల దించుకుని నిలబడ్డాడు.

"శవపెట్టె మూత పడటం లేదమ్మా. రెక్కలు అడ్డొస్తున్నాయి."

ఎవరినీ ముట్టుకోనివ్వలేదు సలుద్. ఆ రెండు రెక్కలనూ తానే వంచింది.

గౌను గుమ్మం దాటింది.