ఎనిమిదో నంబరు

“మన మెసేజ్ యాప్‌లో నువ్వు రాసిన భాగంలో ఎనిమిదో నంబరు గుర్తు అంటే ఏంటక్కా?” పక్క సీట్లోంచి నా జూనియర్ అడిగింది.

“అర్జెంటు మెసేజ్ అని.”

“నా దాంట్లో ఎనిమిదంటే చెరిపెయ్యమని! నెల్లాళ్లుగా అర్జెంటువన్నీ సర్వర్లోనే పోయాయి.”

పోయినవాటి జాబితా తెరిచాను. బావ పేరు మూడుచోట్ల ఉంది. మూడింట్లోనూ నాకు ఒకే మెసేజ్:

“మీ అక్క నిన్నే అడుగుతోంది. వెంటనే రా.”

అక్క పోయిన రోజు, కబురు పంపానని బావ ఒట్టేసి చెప్పాడు. “నేను రాసిన యాప్‌లో మెసేజ్ పోదు. అబద్ధాలాడకు” అని అందరిముందూ కడిగేశాను.

బావకి ఫోన్ చేశాను.

“బావా, నువ్వు పంపావు. తప్పు నాదే.”



“నేను మామూలుగానే పంపబోయానమ్మా. నీకు త్వరగా అందాలని, మూడుసార్లూ ఆ అర్జెంటు బటన్ మీ అక్కే నొక్కింది.”