కుముదిని గంతులు

కుముదిని ఆకాశంలో ఎగిరే గాలిబస్సుకు డ్రైవరు. ఐదేళ్ల కిందట సంతోషమూ దిగులూ హద్దు మీరే బైపోలార్ జబ్బు ముదిరి, మూడు రోజులు నిద్రపోకుండా తిరిగి, పదకొండు కుట్టుమిషన్లు కొని, ఉద్యోగం పోగొట్టుకుంది. ఇప్పుడు కాకినాడలో అందరి చేతికీ ఉన్నట్టే ఆమె చేతికీ ఆరోగ్యం కనిపెట్టే పట్టీ ఉంది. ఆమెది నెత్తుటిలో ఆ జబ్బుకిచ్చే లిథియం మందు ఎంతుందో చూసి, తగ్గితే తనే అందిస్తుంది.

ఇవాళ ఉద్యోగం తిరిగొచ్చింది. కుముదిని వంటింట్లో గంతులేస్తూ, గొంతెత్తి పాడుతూ బూరెలు వేస్తోంది. వీధిలో వాళ్లనందరినీ తినడానికి కేకేసింది. భర్త సోమరాజు మొహం పాలిపోయింది. అప్పుడూ ఇలాగే మొదలైంది.

"ఓసారి చెయ్యి చూపించు, కుముదా," అన్నాడు మెల్లగా.

గంతులు ఆగిపోయాయి. ఆమె భయంభయంగా చెయ్యి చాపింది.

పట్టీ తనే పైకి చదివి వినిపించింది. "నిద్ర ఏడు గంటలు. లిథియం సరిపడా ఉంది. మెదడులో గడియారం సవ్యంగా నడుస్తోంది. జబ్బు లక్షణాలు లేవు."

"మరి ఈ గంతులేంటే?" అంది అత్తగారు తాయారమ్మ, బూరె నములుతూ.

కుముదిని కళ్లు పెద్దవయ్యాయి. ఐదేళ్లుగా నవ్వొచ్చిన ప్రతిసారీ భయంతో మింగేసింది ఆమె.

"సంతోషం అత్తయ్యా! ఉత్త సంతోషం!" అని అరిచి, పిండి చేతులతోనే సోమరాజును లాక్కుని గిరగిరా తిప్పేసింది.

"వదలవే, కళ్లు తిరుగుతున్నాయి!" అన్నాడు సోమరాజు. అంటూనే ఆమె చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.