లేచిన చెయ్యి

తలకు దెబ్బ తగిలి మంచాన పడ్డ మా అబ్బాయి కుడి మణికట్టుకు కోడలు జిగురు పట్టీలు అంటించి మిషన్ మీట నొక్కింది. సన్నగా కరెంటు పారితే నరాలు మేలుకుంటాయట. నేను మంచం దగ్గరికి జరిగాను.

"తగ్గించమ్మా, చెయ్యి కాలుతుందేమో!"

"కాలదత్తయ్యా. మీ కంగారు తగ్గడానికి ముందు మీకే అంటించాలి ఇది," అని నవ్వింది.

కరెంటు వచ్చినప్పుడల్లా వాడి వేళ్లు ముడుచుకుని కోడలి చేతిని పట్టుకుంటున్నాయి, ఆగగానే వదిలేస్తున్నాయి.

"పెళ్లయ్యాక ఈయన నా చెయ్యి ఇంత మెత్తగా పట్టుకోవడం ఇదే," అంది. మురిపెం కాబోలు అనుకున్నాను.

మిషన్ ఆపి, పట్టీలు తీసి, తడిబట్టతో తుడుస్తుంటే వాడి చెయ్యి తనంతట తానే గాల్లోకి లేచింది.

"లేచిందే తల్లీ! దేవుడు నా మొర విన్నాడే!" అని అరిచి కోడలి వైపు తిరిగాను.

అది గోడకు అతుక్కుపోయి, కళ్లు మూసుకుని, దెబ్బ కాచుకునేదానిలా రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

వాడి చెయ్యి దుప్పటి మీద వాలిపోయాక మెల్లగా వచ్చి పట్టీలు అందుకుంది.

"ఇంకోసారి పెట్టమంటారా, అత్తయ్యా?"

నేను దాని చేతిలోంచి పట్టీలు తీసుకుని పక్కన పెట్టేశాను.