ఆరింటికి అయిదు నిమిషాలు

"ముల్లు ఆపు పెద్దాయనా, ముందు ఆ ముల్లు ఆపు!" నిచ్చెన కింద నిలబడి సెక్రటరీగారు గుండెలు బాదుకుంటున్నారు.

నిచ్చెన మీదున్న గడియారాల మెకానిక్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఈ సమావేశ భవనంలో ఆగిపోయిన గడియారాలను నడిపించడం ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అతని పని. నడుస్తున్నదాన్ని ఆపమన్న మహానుభావుణ్ణి ఇవాళే చూడటం.

"బాగానే నడుస్తోంది కదండీ?"

"అదే కదా నా బాధ! భూమి వేడెక్కిపోతోంది, సముద్రం పొంగుతోంది, ఇవాళ సాయంత్రం ఆరింటికల్లా ఒప్పందం చేసుకుంటామని దేశాలన్నీ మాటిచ్చాయి. చూడు, ఆరింటికి అయిదు నిమిషాలే ఉంది. ఇంకా మొదటి వాక్యమే తెమల్లేదు. ఆరు కొడితే మాట తప్పినట్టు. కొట్టకపోతే తప్పనట్టు. ఆపు!"

మెకానిక్ మీట నొక్కాడు. ముల్లు ఆగింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పది రోజుల్లో అందరూ కలిసి ఒప్పుకున్న మొదటి విషయం అదే.

"అయితే నేను వెళ్ళొస్తానండి. ఆరింటికి నా రిటైర్మెంటు. మా అమ్మాయికి నొప్పులొస్తే హాస్పిటల్లో చేర్చారు. మొదటి కాన్పు. పుట్టిన పిల్లని ముందు నా చేతుల్లోనే పెడతానంది."

"ఆరింటికి కదా? ఆరు కాలేదుగా! అందాకా నువ్వు డ్యూటీలో ఉన్నట్టే. ఒప్పందం కుదరగానే ముల్లు కదిలించి దర్జాగా వెళ్ళు. ఈలోపు దిగావో, పెన్షన్ మీద ఆశ వదులుకో."

మెకానిక్ ముల్లు వంక చూశాడు. నిజమే, ఆరు కాలేదు. అతను గడియారం మాట జవదాటని మనిషి. కడుపు కాలిపోతున్నా ఒంటిగంట కొడితేగానీ క్యారియర్ మూత తీసేవాడు కాదు. "నీకు పెళ్ళాం కంటే ఆ ముల్లే ఎక్కువ" అని భార్య దెప్పుతూ ఉండేది. ఎక్కువే మరి! భార్య అన్నీ ఉజ్జాయింపుగా చెబుతుంది. గడియారం అబద్ధం చెప్పదు.

నిచ్చెన పై మెట్టు మీద సర్దుకుని కూర్చున్నాడు. బయటి వెలుతురు చూసి ఎవరూ కంగారు పడకుండా కిటికీలకు మందపాటి తెరలు దించేశారు. ఫోన్లన్నీ గేటు దగ్గరే పెట్టించుకున్నారు.

కింద చర్చ సాగుతోంది. సముద్రం సంగతి "వెంటనే" చూస్తామని రాద్దామని కొందరు, "వీలు చూసుకుని" అంటే మర్యాదగా ఉంటుందని కొందరు. "వీలైతే వెంటనే" అన్న ఆయన్ని అందరూ మెచ్చుకుని ఉపసంఘం వేశారు. చిన్న ద్వీపం నుంచి వచ్చిన పెద్దమనిషి లేచి, "అయ్యా, నీళ్ళు మా గడప దాకా వచ్చాయి" అన్నాడు. అధ్యక్షుడు సానుభూతి తెలిపి టీకి లేచాడు.

గేటు దగ్గరి వాచ్‌మన్ లోపలికి వచ్చాడు. అతని బూట్లు తడిసి ముద్దయ్యాయి.

"అన్నా, వదిన ఫోన్ చేసింది. ఆడపిల్ల! తల్లీ పిల్లా క్షేమం."

మెకానిక్ కళ్ళు చెమర్చాయి. "ఎవరి పోలికట?"

"ముక్కు నీదేనట. పాపం, ఆడపిల్లకి అంత ముక్కు!"

"నోర్ముయ్యరా! అయిదు నిమిషాల్లో వస్తున్నానని చెప్పు."

మళ్ళీ టీ వచ్చింది. ఉపసంఘంలో ఎవరెవరు ఉండాలో తేల్చడానికి ఇంకో ఉపసంఘం వేశారు. ద్వీపం పెద్దమనిషి లేచి, "అయ్యా, కిటికీల దాకా" అన్నాడు. ఆయన నిరుడు కూడా ఇదే అన్నాడని ఎవరో విసుక్కున్నారు.

ఈసారి వాచ్‌మన్ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉంది.

"ఏరా, బయట పైపు పగిలిందా?"

"అలాంటిదేలే అన్నా. వదిన మళ్ళీ చేసింది. మనవరాలు నిన్ను అడుగుతోందట."

"పుట్టీ పుట్టగానే అడగడమేమిట్రా! మీ వదినకి గోరంతని కొండంత చెయ్యడం అలవాటే."

అన్నాడే గానీ ఎందుకైనా మంచిదని తల తిప్పి గడియారం చూశాడు. ఆరింటికి అయిదు. మనసు కుదుటపడింది. వాచ్‌మన్ మీసం తెల్లగా కనిపిస్తోంది. పాడు ట్యూబులైట్లు, మార్చమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పాలి.

కాసేపటికి హాల్లో కోలాహలం. మొదటి వాక్యం కుదిరింది! ద్వీపం వారి కుర్చీ ఖాళీగా ఉంది. "ఆ దేశం నుంచి అభ్యంతరం లేదని రాసుకోండి" అన్నాడు అధ్యక్షుడు. అందరూ ఒకరినొకరు కావలించుకుని ఫోటోలు దిగారు. తర్వాత రెండో వాక్యం చేతికి తీసుకున్నారు.

మెకానిక్‌కి ఏడుపొచ్చింది. నడుం పట్టేసింది, మోకాళ్ళు బిగుసుకుపోయాయి. అక్కడ పసిగుడ్డు ఎదురుచూస్తుంటే తను ఇక్కడ గోడకి బల్లిలా అతుక్కుని ఉన్నాడు.

"సార్, ఒక్కసారి నా మనవరాలిని చూసొస్తానండి."

"నీ బదులు మనిషి కావాలని అప్లికేషన్ పెట్టు."

"ఎప్పుడో పెట్టాను కదండీ."

"అయితే వచ్చేస్తారు. తొందరెందుకు?" అన్నారు సెక్రటరీగారు. గొంతు వణుకుతోంది, పాపం అరిచి అరిచి.

అన్నట్టుగానే తలుపు తెరుచుకుంది. యూనిఫాంలో ఒక అమ్మాయి, భుజాన పనిముట్ల సంచి, మోకాళ్ళు దాటిన రబ్బరు బూట్లు. బూట్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. తిన్నగా వచ్చి నిచ్చెన పట్టుకుంది.

"మీ బదులు నన్ను వేశారు. మెల్లిగా దిగండి."

ఒక్కో మెట్టూ దిగి, స్క్రూడ్రైవర్ ఆ అమ్మాయి చేతిలో పెట్టి, మెకానిక్ రెండు చేతులూ జోడించాడు.

"బతికించావు తల్లీ! ఇవాళే నాకు మనవరాలు పుట్టింది. పరుగెత్తుకెళ్ళి ఎత్తుకోవాలి. దారిలో హాస్పిటల్ వైపు నుంచే వచ్చావా? పిల్ల ఎలా ఉందో ఏమైనా తెలుసా?"

ఆ అమ్మాయి తన పెద్ద ముక్కును చొక్కా చేతికి తుడుచుకుంది.

"ఆ పిల్లని నేనే, తాతయ్యా."