కుడికాలు ముందు

"కుడికాలు కాదు వదినా! ఎడమకాలు ముందు!"

జమీర్ అరుపు పూర్తికాకముందే ఎర్ర కారు కప్పలా ఎగిరి ఆగిపోయింది. స్టీరింగు ముందున్న నాగవేణి పకపకా నవ్వింది. పక్క సీటులోని జమీరూ నవ్వాడు.

వెనుక సీటులో కూర్చున్న ఆమె భర్త శివాజీ మాత్రం నవ్వలేదు.

"ఏం చేసేదయ్యా జమీరూ! కాపురానికొచ్చిన రోజు మా అత్త గడపలో నిలబెట్టి, కుడికాలు ముందు పెట్టమ్మా అంది. అప్పట్నుంచి కొత్తది ఏదైనా నాకు కుడికాలే ముందు పోద్ది."

"గడపకి క్లచ్ ఉండదు వదినా. ఈ బండికి ఉంది. ఇక్కడ పెత్తనమంతా ఎడమకాలిదే."

శివాజీ పళ్లు బిగించి కిటికీలోంచి బయటకు చూశాడు. నరసరావుపేట శివార్లలో ఇంకా ఇళ్లు కట్టని ప్లాట్ల మధ్య రోడ్డు అది. ఎవరూ చూడలేదు. అంతవరకు నయం.

ఆ కారు అతని మొదటి కారు. నేలకు ఆనుకున్నట్లుండే ఆకారం, వెడల్పాటి చక్రాలు, వీధి చివరి దాకా వినిపించే గుర్రుమనే ఇంజిను. గేర్లు చేత్తో మార్చే రకమే కావాలని పట్టుబట్టి కొన్నాడు.

"ఇది అమ్మి గేర్లు లేనిది తెచ్చుకుందామయ్యా, ఇద్దరికీ పనికొస్తది" అని నాగవేణి ఒకసారి అన్నది.

"అది కారా? ఆటబొమ్మ" అని అతడు ముఖం తిప్పుకున్నాడు.

"అయితే దీన్నే నేర్చుకుంటా."

మరునాడే వీధిలోని మెకానిక్ జమీర్‌ను పిలిపించింది.

అప్పటినుంచి శివాజీకి మనసు కుదుటపడలేదు. ప్రతి ఉదయం జమీర్ రాకముందే వెనుక సీటులో చేరేవాడు. ముందు సీట్ల సందులోంచి అతని చూపు కదిలేది కాదు. జమీర్ ఆమెను 'అక్కా' అని పిలిచినా కొంత ఊరటగా ఉండేది. 'వదినా' అనేవాడు. వదినతో పరాచికాలు చెల్లుతాయి. గేరు రాడ్డు మీద ఆమె చేతిని సరిచేసేటప్పుడు, "తప్పనుకోమాకు వదినా" అనేవాడు. ఆమె తప్పనుకునేది కాదు.

నాగవేణి చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపుకొని బండి నడిపేది. క్లచ్ తొక్కినప్పుడల్లా ఎడమకాలి పట్టీ మువ్వ ఘల్లుమనేది. జమీర్ ఆ పాదాన్నే గమనిస్తూ, "అంతే, అంతే... శభాష్!" అనేవాడు.

ఆ ఘల్లు వినిపించినప్పుడల్లా శివాజీ కడుపులో మంట లేచేది.

ఇంటికి వచ్చినా అది ఆరేది కాదు. పొయ్యి ముందు నిలబడి కూర కలుపుతూ కూడా ఆమె ఎడమపాదాన్ని నెమ్మదిగా ఎత్తుతూ, దించుతూ, "హాఫ్ క్లచ్... హాఫ్ క్లచ్..." అని గొణుక్కునేది. తనలో తాను నవ్వుకునేది. ఆ ఇంట్లో నవ్వు వినిపించి చాలా కాలమైంది. తీరా వచ్చిన ఆ నవ్వు తన వల్ల రాలేదు.

ఇక ఓర్చుకోలేక ఒకరోజు అన్నాడు.

"ఆదివారం కోటప్పకొండ ఘాటు ఎక్కించు. మధ్యలో చేతులెత్తేశావా, బండి మన వీధి ఆనంద్ బాబుకి అమ్మేస్తా. చానా రోజుల్నుంచి అడుగుతున్నాడు."

"ఎక్కిస్తే?"

"బండి నీది. ఆ జమీర్ పాఠాలు మాత్రం బంద్."

నాగవేణి అతణ్ణి తేరిపార చూసింది. "నీకేందయ్యా ఇంత కుళ్లు?"



ఆదివారం ఉదయం కొండ కింద టీ కొట్టు దగ్గర ఆగారు. జమీర్, నాగవేణి దిగారు. కొట్టతను కారులోకి తొంగిచూశాడు.

"ఏందన్నా, ఆమెకి స్టీరింగిచ్చి నువ్వు వెనకాల కూర్చున్నావు? మొగుళ్లకి మంచి రోజులొచ్చినయ్యే! దిగు, టీ తాగుదువు."

"వద్దు."

"దిగితే అరిగిపోతావా ఏంది?"

శివాజీ అద్దం పైకెత్తేశాడు.

ఘాటు మొదలైంది. ఒక్కో మలుపూ దాటుతుంటే అతడు మనసులో ఒకటే కోరుకున్నాడు. ఆగిపోవాలి. అమ్మేయాలి. ఈ మువ్వ చప్పుడు ఇక వినకూడదు.

కోరిక తీరేలాగే ఉంది. నిట్టనిలువు మలుపులో ముందున్న బస్సు ఆగింది. దాని వెనుక వీళ్ల కారూ ఆగింది. బస్సు కదిలాక నాగవేణి బ్రేకు వదిలింది. బండి వెనక్కి జారింది. కిక్కిరిసిన ఆటో ఒకటి వెనుక హారన్ మోగించింది. ఆమె గబుక్కున మళ్లీ బ్రేకు తొక్కింది.

"నా వల్ల కాదు. దిగిపోతా."

జమీర్ నోరు తెరిచేలోపే వెనుక సీటులోంచి మాట వచ్చింది.

"బ్రేకు వదలమాకు. ఎడమకాలు పైకి తే. నిదానంగా. ఇంకొంచెం... బండి వణుకుద్ది. ఆ వణుకు పాదానికి తెలుస్తది. తెలిసిందా?"

"తెలిసింది."

ఆ వణుకు శివాజీకి కూడా తెలిసినట్లే అనిపించింది.

"అక్కడే ఆపు. ఇప్పుడు కుడికాలు యాక్సిలరేటర్ మీదకి. పోనీ!"

మువ్వ కదలలేదు. కారు అంగుళమైనా జారకుండా పైకి లంఘించింది.

"నాకు జీతం దండగన్నా!" అని జమీర్ చప్పట్లు కొట్టాడు.

శివాజీ చూపు మాత్రం ఆమె ఎడమపాదం మీదే ఉంది. మంట ఆరలేదు. కానీ ఆనంద్ బాబు పేరు అతని నోట మళ్లీ రాలేదు.

కొండ పైన నాగవేణి దిగి, చుట్టూ తిరిగి వచ్చి, వెనుక తలుపు తీసి భుజం అందించింది.

"బండి నాదైంది కదా! దిగు సామీ. మొదటిసారి ఎక్కించా. కుడికాలు ముందు పెట్టు."

"నాకింకో దారుందా?" అంటూ శివాజీ ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

ఆమె భుజం పట్టుకొని అతడు కుడికాలే ముందు పెట్టాడు. దాని వెనుక పెట్టడానికి ఎడమకాలు లేదు.